పుట్టిన తేదీ తప్పనిసరి

ఆదివారం రాత్రి, చివరి పేషెంటు వెళ్ళిపోయాక
మ్యూజియం నుంచి గ్వెనిత్ ఒక బూట్ల డబ్బా పట్టుకొచ్చింది.
దుప్పటి ముక్క మీద
మూరెడు పొడుగు, మోచేతంత లావు,
గుడ్డ పీలికల్ని జడలా అల్లి చుట్టిన పిల్లి.
చెవులు మాత్రం నిక్కబొడుచుకునే ఉన్నాయి
రెండువేల మూడొందల ఏళ్ళుగా, ఎవరో పిలుస్తారని.

స్కానరు పేరు అడిగింది. పిల్లి అని కొట్టాను.
పుట్టిన తేదీ అడిగింది.
క్రీస్తుకు ముందు పుట్టినవాళ్ళని మా ఆసుపత్రి ఒప్పుకోదు.
చివరికి నా తేదీయే ఇచ్చాను,
ఎలాగూ ఈమధ్య వాడటం లేదు.

"దీని అక్కచెల్లెళ్ళంతా ఈ ఊళ్ళోనే దిగారు," అంది గ్వెనిత్.
పద్దెనిమిది వందల తొంభై. లివర్‌పూల్ రేవు.
పంతొమ్మిది టన్నుల పిల్లులు.
వేలంపాటవాడు సుత్తికి బదులు
ఒక పిల్లి తలకాయతో బల్ల మీద కొట్టాడట.
పిండి కొట్టి పొలాలకు ఎరువు చల్లారు.
ఆ ఏటి ఆలుగడ్డలు తిన్నవాళ్ళెవరికీ
మూతి మీద కొత్త మీసాలు మొలిచినట్టు లేదు.
పిల్లి శాపాలకు ఉట్లు తెగవని
వాళ్ళకి ఎవరు చెప్పారో!

ఆ దేవత పఖెత్. గీరే తల్లి అని అర్థం.
ఎడారి అంచున కొండని తొలిచిన గుడి.
రాత్రి వానలకు దారి తెరిచేది ఆవిడేనట.
కిటికీ బయట మెర్సీ నది మీద వాన
మధ్యాహ్నం ఎవరో తెరిచి, మూయడం మరిచినట్టుంది.

కడుపు పండాలని, కంటి పొర విడాలని,
వెళ్ళిన పడవ తిరిగి రావాలని
డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళు ఇలాంటి పిల్లిని.
గుడే పెంచేది, గుడే మెడ విరిచేది,
గుడే చుట్టి చేతికిచ్చేది.

ఇరవై ఏళ్ళుగా మనుషుల లోపలికి చూస్తున్నాను,
వాళ్ళకంటే ముందు.
మొహం మీదకి ఏదీ రానివ్వకపోవడమే నా ఉద్యోగం.
గీత తర్వాత గీతగా తెర మీద బొమ్మ దిగింది.
ఎముక ఉంటే తెల్లగా వెలగాలి.
వెన్ను లేదు. పుర్రె లేదు.
తోక అనుకున్నది రెల్లు పుల్ల.
గుప్పెడు మట్టి, పీలికల మీద పీలికలు,
నట్టనడుమ, వడ్లగింజంత తెల్లగా,
ఒక్క గోరు.

"మోసం," అన్నాను.
"చాలావాటిలో ఇంతే," అంది గ్వెనిత్, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఆ చుట్టిన చేతుల్ని నేను ఎరుగుదును.
నాకు తొమ్మిదేళ్ళు. తమ్ముడికి విషజ్వరం.
పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి
దేవుడి గూట్లో పెట్టింది మా పెద్దమ్మ.
ఆవిడ కునుకు తీసే వేళ చూసి విప్పాను.
రూపాయి తీసి సోడా మూత పెట్టాను.
అదే ముడి, అన్నే మెలికలు,
మడతలో పసుపు కూడా రాలకుండా.
పుల్ల ఐసు ఎర్రది. ఇంకా గుర్తే.

మూడో రోజు జ్వరం దిగింది.
పెద్దమ్మ ముడుపు కళ్ళకద్దుకుని
కొండెక్కి హుండీలో వేసింది.
మూత పడ్డ చప్పుడు
అచ్చం రూపాయి చప్పుడే.
తమ్ముడికి ఇప్పుడు నలభై నాలుగు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆ గుడి వెనక గదిలో, దీపం వెలుగులో,
వేళ్ళకి జిగురుతో, రేపటికి ఇంకా అరవై చుట్టాల్సిన ఆ కుర్రాడు
మట్టి ముద్ద మధ్యలో ఆ గోరు ఎందుకు దాచాడు?
భయమా? లెక్కా?
నేను గోరు కూడా పెట్టలేదు.

రిపోర్టులో, జంతు అవశేషాలు లేవు అని కొట్టాను.
చెరిపాను.
ఒక గోరు, అని రాశాను.

కారు పార్కింగులో గ్వెనిత్
డబ్బాని వెనక సీట్లో కూర్చోబెట్టి
బెల్టు పెట్టింది.
నేను గొడుగు తెచ్చుకోలేదు.
వాన ముంజేతి మీద
సన్నగా గీరుతోంది.