తగినంత

మొదటి ఖర్చు నలభై రూపాయలే.
నరసాపురంలో పాత కాగితాల కొట్టు, కాటా పక్కన దొరికింది.
అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు,
రాసినాయన పేరు చెదలు తిన్నాయి.
మిరపకాయ మన రేవులో దిగకముందు
తిన్న వంటలట.
ప్రతి వంట చివరా ఒకటే కొలత: తగినంత.

నాది పాలకొల్లులో మోటారు వైండింగ్ షాపు.
కాలిన చుట్టు విప్పి, ఎన్ని చుట్లో లెక్కపెట్టి
మళ్ళీ అన్నే చుట్టడం నా పని.
ఒకటి తగ్గితే మోటారు మూలుగుతుంది.
అలాంటివాణ్ణి, తగినంత అంటే ఎంతో
తేల్చకుండా ఎలా వదులుతాను?

తర్వాత పిప్పళ్ళు. మూలికల కొట్టు గుప్తగారు
పొట్లం కడుతూ "దగ్గా?" అన్నారు.
"కాదండి, కూరలోకి" అంటే
దారం ఆపి నా మొహం చూశారు.
పచ్చకర్పూరం. గానుగ నూనె. అక్కుళ్ళ బియ్యం
ఇప్పుడెవరు వేస్తున్నారని, బండేసుకుని
లంకల దాకా తిరిగితే, పెట్రోలు ఖర్చు బియ్యాన్ని మించింది.
కంచు గిన్నె కోసం షాపులో రాగి తుక్కు,
మూడేళ్ళుగా దాచింది, ఒక్క పూటలో తూచేశాను.
ఆ తుక్కు మంగతాయారు దుద్దులకని
నేనే ఎప్పుడో అన్నానట.

గ్యాసు పొయ్యి పనికిరాదు కదా.
మేడ మీద మూడు రాళ్ళు, సరుగుడు కట్టెలు, కొబ్బరి డొక్కలు.
పొగంతా పక్కింటి సత్యవేణి గారి వడియాల మీద వాలింది.
వడియాల ఖరీదు ఇచ్చాను.
మాట ఖరీదు ఎంతో ఆవిడ చెప్పలేదు.
జీడిపప్పు కూడా ఓడ దిగిందే అన్నందుకు
మోరి నుంచి డబ్బా నిండా పప్పు మోసుకొచ్చిన తోడల్లుడు
డబ్బాతో సహా వెళ్ళిపోయాడు.

బొమ్మిడాయిలు, వాక్కాయ పులుపు, మిరియం, నువ్వుల ముద్ద.
షాపు కుర్రాడు జిలానీ ప్రతి ఆదివారం తిన్నాడు,
"బావుంది గురువు గారూ" అన్నాడు.
వాడి జేబులో ఆవకాయ పొట్లం ఉండేదని
చొక్కా ఉతికిన వాళ్ళమ్మ చెబితే తెలిసింది.

ఇవన్నీ డైరీలో రాశాను, కరెంటు బిల్లు పక్కన.
రాయనిది ఒకటుంది.
భీమవరంలో పెళ్ళి. గోంగూర పచ్చడి, ఒక్క ముద్ద.
కళ్ళ నీళ్ళు, ఎక్కిళ్ళు. వడ్డించే కుర్రాడు
"ఏ దేశం అండీ మనది?" అన్నాడు, నవ్వుతూనే.
నలభై ఆరేళ్ళ నాలుక
రెండేళ్ళలో ఊరు మారిపోయింది.

ఆ రాత్రి కంచు గిన్నె చింతపండుతో తోముతూ
మంగతాయారు, కోపమేం లేకుండా:
"ఆ రోజుల్లో నువ్వుంటే ఇది తినేవాడివి కాదు.
దీని కింద కట్టెలు కొట్టేవాడివి.
నేనీ బియ్యం దంచి
తవుడు కొంగున కట్టుకుని ఇంటికెళ్ళేదాన్ని."

పోయిన పదహారు పేజీల్లో
మావాళ్ళ వంట ఉందేమోనని కాసేపు అనుకున్నాను.
ఉండదు.
మా ముత్తాత తాత పేరే ఎవరికీ తెలీదు,
ఆయన పెళ్ళాం ఏం వండిందో ఎవడు రాస్తాడు?

మర్నాడు మేడెక్కి అదే వండాను.
చేతిలో పట్టినన్ని నూకలు, కుండెడు నీళ్ళు,
కాలవ గట్టున పీకిన పొన్నగంటి ఆకు,
ఉప్పు. తగినంత కాదు, ఉన్నంత.
డైరీలో ఖర్చు గడి ఖాళీగా వదిలాను.
మొదటి గుక్క గొంతు దిగడానికి
చాలాసేపు పట్టింది.

మంగతాయారు ఎదురుగా కూర్చుని
తన ముంతలోది సగం తాగి, లేచి,
పిట్టగోడ మీది రేకుడబ్బా మొక్క నుంచి
ఒక పచ్చిమిరపకాయ తెంచుకొచ్చింది.
కొంచెం కొరికి
మిగతాది నా గంజి పక్కన పెట్టింది.