నలభై రెండు దారాలు

సువైహాన్ దాటినంక, తారు రోడ్డు ఇసుకల మునిగే కాడ
ముళ్లకంచె నడుమ ఒక ఉక్కు స్తంభం.
హెలికాప్టర్ లేదు.
రెక్కలే, రెండు.
తిరుగుతయి, ఎటూ పోవు.

వాటి కొసలకు దారాలు అతికించుడు నా పని.
వేలెడు పొడుగు తెల్లదారాలు,
జానెడు జాగల నలభై రెండు.
గాలి ఎక్కడిదాకా రెక్కను పట్టుకొని పారుతదో
ఎక్కడ అలిగి విడిపోతదో
దారమే చెప్తది.

"ఇంత సమంగ ఎట్ల పెడ్తవ్?" అన్నది ఇంజనీర్ మైథా.
సిరిసిల్లల కరెంటు పోయిన రాత్రులు
సాంచా మీద తెగిన పోగును తడిమి తడిమి
ముడేసిన వేళ్లు ఇవి.
అంత అరబ్బీ నాకు రాదు.
చేతులు చూపించిన.

మొదటి కొస మామూలుది, పలక లెక్క.
రెండోది కొడవలి, వెనక్కి వంగింది.
మూడోది కిందికి వాలింది,
నీళ్లల్ల ముక్కు పెట్టబోయి ఆగిన కొంగ.

నిమిషానికి మూడు వందల ఎనభై చుట్లు.
ఇసుక బస్తాల వెనక మేం.
మెరుపు దీపం రెప్పలు కొట్టంగ కొట్టంగ
గిర్రున తిరిగే రెక్క నిలబడ్డట్టే కనవడ్డది.
తెర మీద నా దారాలు.
కొడవలి కొసన ఏడు
పూనకం వచ్చినట్టు తల విదిలించినయి.
మైథా కాగితం మీద ఒక గీత కొట్టింది.
ఆర్నెల్ల లెక్క అది.

ఆ రాత్రే దుమ్ము లేచింది.
రెక్క అంచును ఇసుక కొరుకుతుంటే
చీకట్ల రవ్వల కంకణం!
ఆపాలె. ఎర్ర మీట నా చేతికిందనే ఉంది.
ఎవ్వలం నొక్కలే, కొంచెంసేపు.
తెల్లారి కొలిస్తే అంచు వెంట్రుక మందం అరిగింది.

మూడోదానికి పన్నెండు మైకులు పెట్టినం.
మూడున్నర డెసిబెల్ తగ్గిందన్నది యంత్రం.
నాకేం తెలుస్తది?
పదకొండేండ్లు సాంచాల మోత తిన్న ఎడమ చెవికి
అన్ని చప్పుళ్లు ఒకటే.

మర్నాడు కంచె అవతలి ఒంటెల కాపరి ఇద్రీస్
డబ్బాల నీళ్లు పట్టుకోను వచ్చి అడిగిండు:
"నిన్న మీకు సెలవా?
ఒంటెలు తల ఎత్తనే లేదు."

మైథా ఆ మాటను రిపోర్టుల రాసింది,
తేదీ వేసి, టైము వేసి.
పైవాళ్లు కొట్టేస్తరని ఇద్దరికీ ఎరుకే.

నేను స్తంభం చుట్టూ వంగి వంగి
ఊడిన దారాలు ఏరుతున్న.
ముప్ఫై తొమ్మిదే దొరికినయి.