బొడిపె

కాలు గాజుపలక మీద పెట్టమన్నాను.
నీలికాంతి గీత మడమ నుంచి వేళ్లదాకా పాకి
నాలుగు లక్షల చుక్కలు తెచ్చి తెరమీద పోసింది,
డబ్బా జారి ఒలికిన ముగ్గుపిండిలా.
చొక్కమ్మగారి కుడికాలు. చిటికెనవేలు లేదు.
షుగరు తీసుకుపోయింది, పదేళ్ల కిందట.

గిండీ ఎస్టేటులో, ఏసీ కింద, నా ఉద్యోగం
చుక్కల్లోంచి చర్మం నేయడం.
మూడేసి చుక్కలకి ఒక త్రికోణం,
త్రికోణాలన్నీ అతికితే ఒక గరుకు పాదం,
దాని మీద పలచగా పరిచిన నున్నటి తలం.
ఆ తలాన్ని లాగే బిందువులు పైన గాలిలో ఉంటాయి.
అది వాటిని తాకదు.
పిలిస్తే రాని పిల్లిలా
పిలిచిన వైపు ఒళ్లు మాత్రం తిప్పుతుంది.

అన్ని చుక్కల మీదుగా పోవాలనుకునే తలం వణుకుతుంది.
వణకని తలం కొన్ని చుక్కల్ని వదిలేస్తుంది.
నడుమ ఒక బేరం:
అందరికీ తలా కాస్త అన్యాయం చేసి,
ఆ అన్యాయాలకి వర్గాలు కట్టి,
మొత్తాన్ని వీలైనంత తగ్గించడం.
అర మిల్లీమీటరు దగ్గర బేరం కుదిరింది.
గుంపుకి దూరంగా నిలబడ్డ చుక్కలకి
రొద అని పేరు పెట్టి తుడిచేశాను.

మిషను చెక్కిన అచ్చు సంచిలో వేసుకుని
పెరియమేడు వెళ్లాను.
తోలు వాసన, జిగురు వాసన, నిన్నటి వాన ఇంకని సందు.
కదిర్వేలు తాత కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.
చూసే పని కాదు మరి.
బొటనవేలితో మడమ, వంపు, గుత్తి తడుముతూ వచ్చి
పెద్దవేలు కీలు పక్కన ఆగాడు.
"ఈడ ఒకటి ఉండాదిమ్మా. నీ మిషను మింగేసింది."

అది రొద తాతా, అన్నాను.
ఆ మాట ఆయనకి ఎలా వినిపించిందో!
"పదేండ్లుగా ఆయమ్మకి చెప్పులు కుట్టేది నేను.
ఆ కాలికి నొప్పి తెలీదు.
చెప్పు కొరికితే నీకెవురు వచ్చి చెప్తారు?"

నేను చదివిన ప్రతి పద్ధతీ
తప్పు ఎంతో తిరిగొచ్చి చెబుతుందన్న ధైర్యం మీదే నడుస్తుంది.
కొలువు, దిద్దు, మళ్లీ కొలువు.
ఈ కాలు తిరిగొచ్చి చెప్పదు.
మేజోడు తడిస్తే తెలుస్తుంది,
అదీ, ఇంట్లో ఎవరైనా చూస్తే.

తాత వాళ్ల తెలుగు ఎన్ని తరాల కిందట
పాలారు దాటి ఇటు వచ్చిందో ఆయనకీ తెలీదు.
మాట వచ్చింది, అక్షరాలు రాలేదు.
చెవి మీది పెన్సిలు తీసి
అచ్చు మీద ఆ చోట సున్నా చుట్టి
పక్కన తమిళ అక్షరాల్లో ఏదో రాశాడు.
కూడబలుక్కుని చదివాను. పొడిపె.
"బొడిపె," అన్నాడు.
మీరు రాసింది ప కదా?
"రాసేదానికి ఒకటే ఉండాది.
చదివేవోడికి తెలీదా?"

ఎగ్మూరు నుంచి గిండీ దాకా రైల్లో నిలబడి
అదే అనుకుంటూ వచ్చాను, చదివేవాడికి తెలీదా అని.
నేను రాసింది చదివేది
నా అక్షరం తప్ప ఇంకేమీ తెలియని కత్తి.

తుడిచిన చుక్కల్ని చెత్తబుట్టలోంచి ఏరాను.
అరవై మూడు.
ఒక్కోదానికి వంద చుక్కల బరువు కట్టాను.
తలం కాసేపు మొరాయించి
కీలు పక్కన, వేరుశనగ గింజంత, ఉబ్బింది.
మిగతా పాదమంతా తప్పు కొద్దిగా పెరిగింది.
రిపోర్టులో ఎర్రగా కనబడుతుంది.
మేనేజరు అడుగుతాడు. అడగనీ.

ఫైలుకి పేరు పెట్టమంది తెర.
పొడిపె అని కొట్టాను,
ప తోనే.