ఒకే గుత్తి

సప్తగిరి సర్కిల్లో
గొడుగు కింద నా అంగడి.
ఒక ఆకురాయి, ఒక పట్టకారు,
ముప్పై ఏండ్ల ఇత్తడి పొడి.

గుత్తి ఆదెన్న శెనక్కాయల కుప్పలో పోగొట్టుకున్న
తాళంచెవికి నేను కొత్త పండ్లు కోసినా.
తలుపు తెరుచుకునింది. స్టీరింగు తిరిగింది.
ఇంజను ఒక్కసారి ఊపిరి పీల్చి
రెండు సెకన్లకే ఆగిపాయ.
మీటర్ల నడుమ ఎర్రటి తాళం బొమ్మ
కండ్లు కొట్టుకుంటా ఉంది.

బ్యాటరీ మార్చిరి. ఫ్యూయల్ పంపు ఇప్పిరి.
నీ పండ్లే వంకర అనిరి నన్ను.
వంకర కాదు.
పాత తాళంచెవి తలకాయలో బియ్యపుగింజంత చిప్పు ఉన్నింది,
నేను చేసిన దానిలో లేదు. అంతే.

మా తమ్ముని కొడుకు కుళ్ళాయప్ప ల్యాప్‌టాప్ తెచ్చి
స్టీరింగు కింద వైరు గుచ్చి
చిప్పులున్న రెండు కొత్తవాటికి పేర్లు రాయించినాడు.
పండ్లు మాత్రం నావే.
నాకు రెండునూర్లు, వానికి నాలుగువేలు.

మూడోనాడు ట్రాక్టరుకు కట్టుకోని వచ్చినాడు ఆదెన్న.
ఒకతూరి పడతాదంట, ఒకతూరి పడదంట.
కుళ్ళాయప్ప గంటసేపు తెర చూసినాడు.
తెరలో తప్పేం లేదు.

నేను ఆదెన్న చెయ్యి చూసినా.
కొత్తవి రెండూ ఒకే గుత్తిలో
గలగలమంటా.
"ఇద్దురూ ఒకేసారి పేరు చెబితే
అది ఎవురి మాట ఇంటాదప్పా?"
ఒకదాన్ని ఊడదీసి జేబులో ఏసుకొని
తిప్పమన్నా.

ఆ సంబరంలో రెండోది మరిచిపోయి
గుత్తి దారి పట్టినాడు.
నా జేబులో
నేను కోసిన పండ్లు,
నాకు రాయను రాని పేరు.

సాయంత్రం ఫోను చెయ్యల్ల.