బుడగ నడుమకు

రుస్తాఖ్ దాటినంక, రాళ్లగుట్ట కింద
ఖర్జూర తోట. పొద్దు ఇంక పూర్తిగ లేవలె.
మొజమ్మెల్ మూడుకాళ్ల మిషన్ నిలబెట్టి
ఒక కన్ను మూసుకుంటడు.
నా పని కట్టె పట్టుకొని నిలబడుడు.
కట్టె కొసకు అద్దం,
నడుమ గాజుబిళ్లల చిన్న బుడగ.
బుడగ నడుమకు రావాలె,
అప్పుడే నేను నిలబడ్డ జాగకు లెక్క ఉంటది.
పదకొండేండ్ల సంది నాకిచ్చే జీతం
కదలకుండ ఉన్నందుకే.

తోట ఖల్ఫాన్ ముసలాయనది.
కాయితం లేదు. ఇప్పుడు ఊరూరు కొలిచి
కాయితాలు ఇస్తున్నరు.
ఆయన చేతికర్రతోని చూపిస్తడు:
ఇక్కడిదాక మా నాయన గోడ, వానకు కూలింది.
అక్కడ మా మేనత్త చెట్లు, మూడు.
ఒకటి ఎండింది, అయినా లెక్కనే.
కాలువ నీళ్ల వంతు మంగళవారం, అర్ధరాత్రి దాటినంక.
పక్కతోటాయన వచ్చి రాయి మీద కూసున్నడు,
అంతా విన్నడు, ఔనన్నడు.
అంతే. మొజమ్మెల్ రాసుకున్నడు.

ఆ ఒక్క ఔను కోసం
మా నాయన సచ్చేదాక తిరిగిండు.

ఎకరం పన్నెండు గుంటలు.
పద్నాలుగు వందలు, రెండు గొర్లు,
ఒక తెల్ల కాయితం. అమ్మినాయన వేలిముద్ర.
ఇద్దరు సాక్షులు, అండ్ల ఒకాయన సంతకం
సగంల సిరా అయిపోయి ఆగింది.
కొలిచినోడు గొలుసు గుంజంగ గుంజంగ
పొద్దుగూకింది, ఆఖరి గెట్టు అందాజకు పెట్టిండు.
అమ్మినాయన పోయిండు, సాక్షులు పోయిండ్రు,
పహాణీల మాత్రం ఆయన పేరు పోలె.
కంప్యూటర్ల మా సర్వే నంబరు కొడితే
ఎర్రగ ఏదో వస్తదట.
లసుంబాయికి చదువు రాదు గని
రంగు గుర్తువడుతది.

ఆ కాయితం ఇక్కడ, క్యాంపుల, నా పెట్టెల ఉన్నది.
ఇల్లు కురుస్తదని నేనే తెచ్చుకున్న.
బర్కాల మలయాళీ దుకాణంల
ప్లాస్టిక్ అతికిపించిన, చెమట తగలొద్దని.
వేడికి ముద్రల నీలం జర పాకింది.
ఇప్పుడది వేలు లెక్క లేదు,
మబ్బు లెక్క ఉన్నది.

ఫోను మోగింది. పని నడుమ ఎత్తొద్దు. ఎత్తిన.
ఊళ్లె సభ పెట్టిండ్రట. షామియానా, టేబుళ్లు,
ఇరవై రూపాయలకు ఫారం నింపే పోరడు.
"ఒక గడి ఉన్నది" అన్నది లసుంబాయి.
"భూమి ఎవరి కాస్తుల ఉన్నదని అడుగుతున్నరు."

నేను చప్పుడు చెయ్యలె.
మా నాయన పేరు నోటిదాక వచ్చింది,
దాని ఎనుకనే నాది.
నాట్లప్పుడు నేను ఎన్నడున్న?
మోటరు కాలిన రాత్రి బాయికాడికి ఎవరు పోయిండ్రు?
గెట్టు జరిపిన సిన్నాయనతోని
పలుగు చేతవట్టి కొట్లాడింది ఎవరు?
నేను పంపిన పైసలు యూరియా అయినయి, నిజమే.
యూరియా దానంతట అది సల్లుకోదు.

"నీ పేరు రాయించు" అన్న.
పెద్ద మేలు చేస్తున్నోని లెక్క వచ్చింది గొంతు,
ఎందుకో.
అవతల షామియానా గాలికి కొట్టుకుంటున్నది.
"అది రాసుడు ఎప్పుడో అయింది" అన్నది.
"నేను అడుగుతున్నది కాయితం సంగతి.
ఆర్మూరు దిక్కోళ్లు ఎవరన్న వస్తుంటే పంపు.
ప్లాస్టిక్ పీకకు, ముద్ర లేస్తది."
పెట్టేసింది. ఆమె ఎనుక లైను ఉన్నది.

మొజమ్మెల్ దూరంకెల్లి అరిచిండు,
హిల్నా మత్, భాయ్.
ఖల్ఫాన్ నా దిక్కే చూస్తున్నడు,
ఆయన హద్దు నా చేతిల ఉన్నదాయె.
రెండు చేతులతోని కట్టె పట్టుకున్న.
బుడగ అటు పోయింది, ఇటు వచ్చింది.
నడుమకు రానికి
ఇయ్యాల జర సేపు పట్టింది.