పాత మిషన్ ఉన్న చోటు

నవంబరు మంగళవారం.
ఫైరింజన్లను బయట వానలో నిలబెట్టి
లోపల బల్లలు వేశాం.
తలుపు తెరుచుకున్నప్పుడల్లా
చలీ డీజిలు వాసనా జంటగా వస్తాయి.

పేర్ల పుస్తకంలో చివరి అక్షరాలు నావి,
పందొమ్మిదేళ్లుగా.
ఈ ఊళ్లో ఎవరి సంతకం
ఏ ఎన్నికల్లో వణకడం మొదలెట్టిందో
నేను చెప్పగలను.

గోడవార, పాత మిషన్ ఉన్న చోట
నాలుగు చక్రాల గుంటలు,
వాటి నడుమ రంగు పోని సిమెంటు చదరం.
జనం దాన్ని తొక్కకుండా
చుట్టూ తిరిగి వెళ్తున్నారు.
అలా వెళ్లమని ఎవరూ చెప్పలేదు.

బీరువాకి అన్న, ట్రాక్టరుకి తమ్ముడు అది.
ఎర్ర మీట కుడికి లాగితే
నీ వెనక ఆకుపచ్చ తెర మూసుకునేది.
లోపల చిన్న మీటలు,
వేలి కింద టిక్కుమనేవి.
మనసు మారితే పైకెత్తుకో, అడిగేవాడు లేడు.
ఆఖర్న పెద్ద మీట ఎడమకి:
ఘడాంగ్!
రోడ్డు అవతల పెట్రోలు బంకు దాకా వినపడేది
నువ్వొక పని చేశావని.

ఇవాళ చేతికో కాగితం, ఒక నల్ల పెన్ను.
సున్నాలు నింపాలి.
"బళ్లో పంతులమ్మ చుట్టింది నాకు సున్నాలు,
డెబ్బై ఆరేళ్లొచ్చాక నేనే చుట్టుకోవాలా?"
అన్నాడు ఎమెట్ యేగర్,
అయినా నాలుక కొస బయటపెట్టి
గీత దాటకుండా నింపాడు.

తెర బదులు మూడు రెక్కల అట్ట,
గుర్రం కళ్లకి కట్టిన గంతల్లా.
ఆర్డిస్ వాండర్‌హూఫ్ తన కోటు విప్పి
దానిమీద కప్పి, కింద దూరి ఓటేసింది.
కాగితాన్ని కొత్త యంత్రం నోటికి అందిస్తే
సర్రున లాక్కుని, ధన్యవాదాలు అని రాసింది.
"దానికేమైనా ఓటేశానా, దండం పెడుతోంది?"
అరగంటసేపు నవ్వుకున్నాం ఆ మాటకి.
ఆవిడ నవ్వలేదు.

జెలాస్కో కుర్చీలు సర్దుతున్నాడు.
ముప్పయ్యొక్క ఏళ్లు
పాత మిషన్లకి నూనె పోసిన చేతులు.
ఏడుస్తాడేమో అనుకున్నాం.
"మీరంతా చప్పుడు విని నమ్మారు," అన్నాడు,
"నేను వెనక మూత తీసి చూసినవాణ్ణి.
తొంభై తొమ్మిది నూరవ్వాలంటే
మూడు పళ్లచక్రాలు ఒక్కసారే కదలాలి.
ఒక్కోసారి కదిలేవి కావు.
ఘడాంగ్ మాత్రం
ఎప్పుడూ తప్పలేదు."

కాసేపు ఎవరూ కాఫీ దగ్గరికి వెళ్లలేదు.

లొరేన్ విట్‌బెక్‌కి చూపు లేదు.
ఆ తెర కింద ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా
రెండు జతల బూట్లు కనపడేవి:
ఆవిడవీ, డెల్‌బర్ట్‌వీ.
ఆవిడ గొంతు గుసగుసగా, ఆయన వేలు మీటమీద.
ఆ వేలు ఎక్కడ ఆగేదో
ఆయనకే తెలియాలి.

ఇవాళ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని
చుక్కలున్న మీటలు తడుముకుంటూ
మూలన ఒక్కతే కూర్చుంది.
నలభై నిమిషాలు.
క్యూలో ఎవరో దగ్గారు, ఎవరో వాచీ చూశారు.
డెల్‌బర్ట్ టోపీని
చేతుల్లో తిప్పుతూనే ఉన్నాడు.
బయటికొచ్చాక అడిగాడు, ఎవరికి వేశావని.
"ఆకలేస్తోంది," అంది లొరేన్,
"సూపు తాగుదాం, పద."

తొమ్మిదికి తలుపులు మూసే ముందు నా వంతు.
సున్నాలు నింపాను.
లేచేటప్పుడు నా కుడి చెయ్యి
దానంతటదే పైకి లేచి
గాల్లో ఏదో పట్టుకోబోయింది.
ఎవరూ చూడలేదనుకుని జేబులో పెట్టుకున్నాను.

యంత్రం నా కాగితాన్ని ఉమ్మేసింది.
తిప్పి పెట్టాను. తీసుకుంది.
చప్పుడు లేదు.
"ఘడాంగ్," అన్నాను, నోట్లోనే.

అంకె మారిందో లేదో నేను చూడలేదు.
నా భుజం వెనక జెలాస్కో
కళ్లద్దాలు నుదుటికెత్తి
అదే చూస్తున్నాడు.