లోడు లెక్క

రెండు టన్నులన్నాడు షోరూమాయన, గది మొగం చూడకనే.
దస్తగిరి చెప్పులిడిసి టేపు లాగినాడు.
పది బై పన్నెండు.
నెత్తిన కడప బండల మిద్దె.
పడమటి గోడ
పొద్దుగూకినాక గూడా పెనమే.
కిటికీకింత, బల్బుకింత,
బిస్కెట్ల అట్టముక్క మీద అంకెలు పెరుగుతుండాయి.

"రాత్రిపూట యెంతమంది పండుకుంటారు సార్?
మనిషీ పొయ్యే గదా."
ముగ్గురం, అంటి.
"నలుగురని రాసుకోన్నా"
మజ్జిగ గ్లాసు పట్టుకోని వాకిట్లో సిద్ధేశ్వరి,
నా దిక్కు చూడకుండా.

మూడు కొట్టేసి నాలుగేసినాడు దస్తగిరి.
"మిద్దెకు సున్నం కొట్టిచ్చు సార్,
పడమటికి తడక కట్టు,
ఒక టన్నే సాలు."
ఇంకేమేమో చెప్తాండాడు, స్టెబిలైజరు, పైపు, అడ్వాన్సు.

నేనింకా
ఆ కొట్టేసిన మూడు కాడనే ఉండా.